లాకప్పు నేరానికి పైఅధికారి జవాబుదారీ కాడా?

కలకత్తా రేవును ఆనుకొని ఖిదిర్‌పూర్, ఏక్‌బాల్‌పూర్, గార్డెన్ రీచ్ పేటలు ఉన్నాయి. డాకు కూలీలు, ఓడల మరమ్మతు కార్మికులు తరతరాలుగా నివసించే ప్రాంతమిది. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లో ఉన్నందున మన తెలుగు రైల్వే కార్మికులకు కూడా ఈ పేర్లు కొత్తవి కావు. ఏక్‌బాల్‌పూర్ థానా కలకత్తా పోలీసు పోర్టు డివిజనులోనిది. థానాపై అసిస్టెంటు కమిషనరు, ఆయనపై డిప్యూటీ కమిషనరు, అందరి పైన లాల్‌బజారు. ఈ థానా పేరెత్తడం దానిపై నిందారోపణకు కాదు. ఆదేశాలు పైనుండి కిందికి దిగే మెట్లు దేశంలోని ప్రతి థానాలోనూ ఇవే. బాధ్యత మాత్రం కింది మెట్టు దాటి పైకి ఎక్కదు. మన చర్చ దీనిని గురించే.

బెంగాలు లాకప్పు మరణాలపై పత్రికా వార్తలను జతపరచి, అక్కడి న్యాయ సహాయ సంస్థ అధ్యక్షులు డి.కె. బసు 1986 ఆగస్టు 26న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక లేఖ వ్రాశారు. కోర్టు దానిని రిట్ పిటిషనుగా స్వీకరించింది. తీర్పు 1996 డిసెంబరు 18న వచ్చింది. అరెస్టు చేసేవారు పేరు, హోదా తెలిపే గుర్తు ధరించవలెను, సాక్షి సంతకంతో అరెస్టు మెమో వ్రాయవలెను, బంధువులకు తెలుపవలెను, నిర్బంధితునికి నలభై ఎనిమిది గంటల కొకసారి వైద్యపరీక్ష జరిపించవలెను. ఇట్టివి పదకొండు ఆదేశాలు. ఉల్లంఘిస్తే శాఖాపరమైన చర్యతో పాటు కోర్టు ధిక్కార నేరం కూడా అవుతుందని కోర్టు చెప్పింది. కానీ ఉల్లంఘించినది ఎవరని అడిగితే, జవాబుగా సాధారణంగా ఒక కానిస్టేబులో, సబిన్‌స్పెక్టరో చూపబడతాడు.

అదే కలకత్తాలో, లాల్‌బజారులో 1974లో జరిగిన చిత్రహింసలపై అర్చనా గుహ పెట్టిన కేసు 1977లో మొదలై 1996లో గాని శిక్షకు చేరలేదు. ఆ నడుమ నిందితుడైన అధికారికి పదోన్నతి లభించింది! పదోన్నతి ఉత్తర్వుపై సంతకం చేసిన చేతిని ఏ న్యాయస్థానమూ ప్రశ్నించలేదు. మన హైదరాబాదులో 1978 నాటి నల్లకుంట ఘోరాన్ని జస్టిస్ ముక్తదర్ కమిషను విచారించి పోలీసులను దోషులుగా తేల్చింది. ఆ పిమ్మట కేసు రాయచూరుకు బదిలీ అయి, 1981లో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు.

నష్టపరిహారం విషయంలో కొంత ముందడుగు పడిన మాట నిజమే. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో 1977 మే నెలలో బాంబులు విసిరి ఒక నిర్బంధితుని చంపారు. ప్రాణభయమున్నదని ముందే తెలిపినా రక్షణ కరువైంది. సార్వభౌమాధికారం పేరుతో ప్రభుత్వం తప్పించుకోజూసింది. జీవించే హక్కు ముందు ఆ వాదన చెల్లదని సుప్రీంకోర్టు 2000లో తేల్చి, హైకోర్టు మంజూరు చేసిన 1,44,000 రూపాయలను ఖాయపరచింది. అయితే ఆ సొమ్ము ఎవరిది? ప్రజల ఖజానాది. అంటే నేరం అధికారిది, జరిమానా కార్మికునిది.

కింది ఉద్యోగి చేసిన తప్పుకు పైవానిని శిక్షించడం అన్యాయం కాదా అని కొందరు అడుగుతారు. అమెరికా సుప్రీంకోర్టు కూడా 2009లో ఇక్బాల్ అనే నిర్బంధితుని కేసులో, ప్రతి అధికారీ తన సొంత తప్పుకే బాధ్యుడని అయిదుగురు నలుగురి తేడాతో చెప్పింది. సరే, ఆ సూత్రాన్నే తీసుకొందాం. పర్యవేక్షించవలసినవాడు పర్యవేక్షించకపోవడం ఎవరి సొంత తప్పు? కార్మికులకు ఈ తర్కం కొత్తది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో, యంత్రానికి రక్షణ కంచె లేక కార్మికుని చెయ్యి తెగితే, ఆ యంత్రం దగ్గర లేకపోయినా ఆక్యుపయరు, మేనేజరు నేరస్థులయ్యేవారు. తాను తగిన శ్రద్ధ వహించాననీ, అసలు దోషి ఫలానావాడనీ నిరూపించుకొంటేనే వారికి విముక్తి లభించేది. భోపాల్ తర్వాత 1987లో కంపెనీ డైరెక్టరునే ఆక్యుపయరుగా భావించే సవరణ కూడా వచ్చింది. మిల్లు యజమానికి వర్తించిన నియమం జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు ఎందుకు వర్తించరాదు?

కానిస్టేబులు మనకు శత్రువు కాడు. 1966 నాటి చట్టం అతని సంఘ స్వాతంత్ర్యాన్ని కట్టివేసింది. నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని కాదనే శక్తి అతనికి లేదు. అతనొక్కణ్ణి బలిచేసి కేసు ముగించడం పైవారికే లాభం.

ప్రాసిక్యూషనుకు ప్రభుత్వ అనుమతి కావాలన్న అడ్డుగోడ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 197వ సెక్షనులో ఉండేది. 2024 జూలై నుండి అమలులోనున్న కొత్త సంహిత 218వ సెక్షనులోనూ ఉన్నది. నూట ఇరవై రోజులలో ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్లే భావించవలెనన్న మార్పు మాత్రం ఉపయోగకరమైనది. స్టేషన్లలో సి.సి. కెమెరాల పనితీరుకు స్టేషను అధికారిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. “ఆ రోజు కెమెరా పనిచేయలేదు” అన్న సాకు ఇక ఆయన మెడకే చుట్టుకోవాలి.

పైఅధికారి ఆఖరి ఆశ్రయం “నాకు తెలియదు” అన్న మాట. ఆ మాటకు తావివ్వకుండా చేయడం యూనియన్ల చేతిలో పని. సమ్మెలోగాని, గేటు మీటింగులోగాని కార్మికుని పట్టుకుపోయిన వెంటనే స్థానిక కార్యదర్శి అరెస్టు సమయాన్నీ, స్థలాన్నీ, తీసుకుపోయిన అధికారి గుర్తునూ వ్రాసి, సూపరింటెండెంటుకు, నగరమైతే డిప్యూటీ కమిషనరుకు, అదే రోజున తంతి వేగంతో తెలియజేయవలెను. ఈ-మెయిలు పంపి, స్పీడ్ పోస్టులో ఉత్తరం కూడా వేయవలెను. రసీదును యూనియను ఆఫీసు ఫైలులో భద్రపరచవలెను. రేపు కోర్టులో ఆయనకు తెలుసునని రుజువు చేసే కాగితం అదే.