క్షీరనీర న్యాయమూ – మైకుల ఎంపికా

నీరు కలిసిన పాల నుండి పాలను మాత్రమే గ్రహించగల శక్తి హంసకు ఉన్నదని పెద్దలు చెప్పారు. రసాయనశాస్త్రం చదివినవారికి ఆ హంసపై కొంత అసూయ కలగడం సహజం. కలపడం క్షణంలో పని. విడదీయడం ఎంతో శ్రమ. ఇంట్లో సంగీతాన్ని రికార్డు చేసుకునే ప్రవాసాంధ్ర కుటుంబాలు గుర్తుంచుకోవలసిన మొదటి సూత్రం ఇదే. గాయని ముందున్న మైకులోకి మృదంగధ్వని చొరబడితే, ఆపైన గాత్రాన్ని హెచ్చించినప్పుడల్లా మృదంగమూ హెచ్చుతుంది. నేటి కంప్యూటర్ ప్రోగ్రాములు ఈ రెండింటినీ కొంతవరకు విడదీయగలవు. కాని ఆ ప్రయత్నంలో గమకాల సొగసు చెడే ప్రమాదమున్నది.

దీనికి ఖరీదైన కండెన్సర్ మైకే మందని కొందరంటారు. కండెన్సర్ గదిలోని ప్రతి చప్పుడునూ లాగుతుంది గనుక డైనమిక్ మైకే మేలని మరికొందరంటారు. ఈ వాదాలు అసలు సంగతిని మరుగుపరుస్తున్నాయి. 1962లో బెల్ లాబొరేటరీస్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్‌లు పలుచని పాలిమర్ పొరలో విద్యుదావేశాన్ని నిలిపి ఎలెక్ట్రెట్ మైకును రూపొందించిన పిమ్మట కండెన్సర్లు చౌకగా లభిస్తున్నాయి. డైనమిక్ మైకుకు ఇతర ధ్వనులు తక్కువగా వినిపిస్తున్నట్లు తోచడానికి ముఖ్య కారణం, దానిని నోటికి దగ్గరగా పెట్టుకొని పాడటమే.

దూరం మహిమ అటువంటిది. నోటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకును 15 సెంటీమీటర్లకు తెస్తే గాత్రం దాదాపు 12 డెసిబెల్స్ పెరుగుతుంది. ఒకటిన్నర మీటర్ల దూరాన ఉన్న మృదంగం మాత్రం ఇంచుమించు ఉన్నచోటనే ఉంటుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు. అయితే అంత దగ్గరలో దిశాత్మకమైన మైకు మంద్రధ్వనులను హెచ్చించి చూపుతుంది గనుక, ఆ మేరకు వాటిని తగ్గించుకోవాలి.

తరువాతిది దిక్కు. కచేరీ పద్ధతిలో వయొలిన్, మృదంగం గాయనికి చెరొక ప్రక్కన ఉంటాయి. కార్డియాయిడ్ మైకు వెనుకనుండి వచ్చే ధ్వనిని చక్కగా త్రోసిపుచ్చుతుంది గాని, ప్రక్కనుండి వచ్చేదానిని 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గిస్తుంది. హైపర్‌కార్డియాయిడ్ 12 డెసిబెల్స్ తగ్గిస్తుంది. దానికి అందరికన్నా చెవిటి దిక్కు సుమారు 110 డిగ్రీల వద్ద ఉన్నది. మృదంగాన్ని అక్కడ కూర్చోబెట్టాలి. ఫిగర్-ఎయిట్ మైకు సరిగ్గా ప్రక్కలనే వినదు. కాని వెనుకవైపును ముందువైపుతో సమానంగా వింటుంది. అద్దాల కిటికీలు, నున్నని గోడలు ఉన్న గదిలో ఏ మైకు లెక్కలైనా తప్పుతాయి. మైకు ముఖం గాయని వెనుక గోడవైపే కదా! అక్కడొక దళసరి బొంత వ్రేలాడదీయడం మంచిది.

ఇంత చెప్పినా, చొరబాటును పూర్తిగా నిర్మూలించాలనుకోవడం అవివేకం. మృదంగ విద్వాంసుని వేరొక గదిలో బంధించి రికార్డు చేస్తే ధ్వనులు శుభ్రంగానే ఉంటాయి. కనుచూపుల ద్వారా నడిచే మనోధర్మం మాత్రం ఆ గోడ దగ్గరే ఆగిపోతుంది. తగ్గించవలసింది తగ్గించి, మిగిలినదానిని ఆ గది ఊపిరిగా స్వీకరించడమే ఉచితం.

ఆరు నెలలు ఉండి వెళ్ళడానికి వచ్చిన అమ్మమ్మ పాడే మంగళహారతికి ఈ శ్రద్ధ మరింత అవసరం. రిఫ్రిజరేటర్ రొద అడుగున ఆ గొంతు మునిగిపోతే, దానిని పైకి తీయగల హంస ఏ దుకాణంలోనూ దొరకదు.