చేపలెన్ని కాదు, ఎన్ని రకాలు?

విద్యార్థులారా! చేపలు ఎక్కడ ఉంటాయని అడిగితే మీలో చాలామంది "సముద్రంలో" అంటారు. ఆ జవాబు సగమే సరి. భూమి మీది నీటిలో సుమారు 97 శాతం ఉప్పునీరే. మిగిలిన మంచినీటిలో చాలా భాగం మంచుగడ్డల రూపంలోనో, భూగర్భంలోనో ఉంది. నదులలో, చెరువులలో, సరస్సులలో ఉన్నది మొత్తం నీటిలో ఒక శాతంలో నూరో వంతు మాత్రమే. అయినా ఇంతవరకు గుర్తించిన సుమారు 36,000 చేప జాతులలో దాదాపు సగం ఆ కాసిని నీళ్ళలోనే బతుకుతున్నాయి!

దీనికి కారణమేమిటి? నదికీ నదికీ మధ్య నేల అడ్డం. ఒక నదిలోని చేప నేల దాటి మరో నదికి పోలేదు. అలా లక్షల ఏళ్ళు విడివిడిగా ఉండిపోయిన చేపలు వేరువేరు జాతులుగా మారాయి. అందుకే ఖండానికో తీరు కనిపిస్తుంది. దక్షిణ అమెరికాలోని అమెజాన్, దాని ఉపనదులలో 2,000కు పైగా జాతులున్నాయి. మంచుయుగాల దెబ్బ తిన్న ఐరోపా ఖండమంతా కలిపినా అన్ని లేవు. ఆస్ట్రేలియా పొడినేల గనుక అక్కడా తక్కువే. అయినా అక్కడ ఊపిరితిత్తి గల చేప ఒకటుంది. దాని చుట్టాలు ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో ఉన్నాయి. ఈ మూడు ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవనడానికి ఉన్న సాక్ష్యాలలో ఇదొకటి. ఇక అంటార్కిటికాలో మంచినీటి చేపలే లేవు.

ఇంతటి చరిత్ర గల చేపలను మనం తూకంతోనే కొలుస్తున్నాం. ఇది పొరపాటని నా అభిప్రాయం.

ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు సంగతే చూడండి. అందులో సిక్లిడ్ కుటుంబానికి చెందిన చిన్న చేపలు సుమారు 500 జాతులుండేవి. 1950 దశకంలో దిగుబడి పెంచడానికని అందులోకి నైలు పెర్చ్ అనే చేపను వదిలారు. అది రెండు మీటర్ల దాకా పెరిగే వేటచేప. 1980 దశకంలో దాని సంఖ్య విపరీతంగా పెరిగింది. సరస్సు నీరు కలుషితం కావడం కూడా తోడై, సుమారు 200 జాతులు కనుమరుగయ్యాయి.

"దిగుబడి పెరిగింది కదా మాస్టారూ!" అంటారేమో. పెరిగింది, ఎగుమతులతో డబ్బూ వచ్చింది. కాదనను. కాని చిన్న చేపలు ఎండకే ఎండేవి. కొవ్వు గల ఈ పెద్ద చేపను పొగబెట్టి నిలవ చేయడానికి ఒడ్డు ప్రజలు చెట్లు నరకవలసి వచ్చింది. అంతరించిన జాతిని ఏ డబ్బూ తిరిగి తేలేదు.

ఇది దూరదేశపు కథ అనుకోకండి. ఆఫ్రికా చేప తిలాపియా 1952లోనే మన దేశానికి వచ్చింది. గాజుతొట్ల అందం కోసం తెచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప ఇప్పుడు తెలుగునాట చెరువుల్లోనూ వలలకు చిక్కుతోంది. గట్టి ముళ్ళతో వలలు చింపే ఆ చేపను జాలర్లు "దెయ్యం చేప" అంటున్నారు.

కనుక మీ ఇంటి తొట్టిలోని చేపలను చెరువులో, కాలువలో వదలకండి. మీ ఊరి చెరువులో చేపలు పట్టేటప్పుడు వెళ్ళి చూడండి. కొర్రమీను, వాలుగ, బొమ్మిడాయి, మార్పు, పరిగె... ఎన్ని రకాలు వచ్చాయో పుస్తకంలో రాసుకోండి. మీ తాతగారి చిన్నతనంలో ఎన్ని రకాలు దొరికేవో అడిగి, పక్కనే రాయండి. ఆ రెండు అంకెలకూ తేడా ఎంత ఉందో, ఎందుకు వచ్చిందో ఆలోచించండి.