వాపసు వేరు, మినహాయింపు వేరు

ఆంధ్రప్రదేశ్ 2024-29 పర్యాటక విధానం గురించి మాట్లాడేవాళ్ల నోట ‘పన్ను మినహాయింపు’ అన్న మాట ఇప్పటికీ వినబడుతోంది. ఆ మాట తప్పు. విధానం ఇచ్చేది వాపసు. మాటే కదా అని వదిలేయడానికి లేదు. శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం అక్కుపల్లి శివసాగర్ తీరంలో ఎవరికి మేలు జరుగుతుందో తేల్చేది ఆ తేడాయే.

1957 నాటి అమ్మకపు పన్ను చట్టం కింద రాష్ట్రం తలచుకుంటే ఒక్క నోటిఫికేషన్‌తో పన్ను ఎత్తేయగలిగేది. హోటల్ గది మీది విలాస పన్నూ దాని చేతిలోదే. 2017 జూలై 1న జీఎస్‌టీ రావడంతో ఆ పట్టు పోయింది. జీఎస్‌టీలో మినహాయింపు కావాలంటే కౌన్సిల్ సిఫార్సు చేయాలి. రాష్ట్రం ఇప్పుడు చేయగలిగింది, పన్ను కట్టించుకుని తన వాటాను (ఎస్‌జీఎస్‌టీని) తర్వాత తిరిగివ్వడం. అది బడ్జెట్‌లోంచి పెట్టే ఖర్చు. పారిశ్రామిక రాయితీల బకాయిలు మన రాష్ట్రంలో ఎలా పేరుకుపోతాయో చిన్న పరిశ్రమ నడిపిన ఎవరినడిగినా చెబుతారు. పెద్ద సంస్థ ఆగగలదు. చిన్నవాడు వడ్డీలకు తాళలేడు.

వార్తల్లోకి రాని సంగతి ఇంకొకటుంది. పలాస జీడిపప్పును ఢిల్లీ వ్యాపారి కొంటే పన్నులో రాష్ట్ర వాటా ఢిల్లీకి పోతుంది. సరుకు చేరిన చోటికే పన్ను అన్నది జీఎస్‌టీ మూలసూత్రం. హోటల్ గది అలా కాదు. ఐజీఎస్‌టీ చట్టం సెక్షన్ 12(3) ప్రకారం గది ఉన్న చోటే సేవ అందినట్టు. ఒడిశాలోని బరంపురం నుంచి వచ్చినవాడు వజ్రపుకొత్తూరులో బస చేసినా రాష్ట్ర వాటా మన ఖజానాకే. అందుకే ఎస్‌జీఎస్‌టీ వాపసు రిసార్టుకు అక్కరకొస్తుంది. సరుకు ఎక్కువగా బయటి రాష్ట్రాలకు పంపే కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీకి అంతగా రాదు.

ఆ వాపసైనా ఏ గదికి ఎంత? 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయలకు మించని గది మీద పన్ను 5 శాతం. 3,000 రూపాయల గదికి రాష్ట్ర వాటా 75. అదే 8,000 రూపాయల గదికి 18 శాతం. రాష్ట్ర వాటా 720. అందులో ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనుగోళ్ల మీద అప్పటికే కట్టిన పన్ను, పోగా మిగిలింది వాపసు. అద్దె మూడు రెట్లు కూడా లేదు, వాటా మాత్రం దాదాపు పది రెట్లు! ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే హోంస్టేకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు. కట్టని పన్ను వాపసు రాదు. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ మత్స్యకారులతో సహా స్థానికులు, ఇంటి రూపు మార్చకుండా, సొంత ఇళ్లలో హోంస్టే నడుపుకోవడానికి వీలిచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చాక, ఈ తీరం ఉన్న ఉద్దానంలో రెండో ఆదాయం కావలసింది సరిగ్గా ఆ కుటుంబాలకే. ఈ రాయితీ వాళ్ల గడప దాకా రాదు.

పెట్టుబడే రాకపోతే పన్నే ఉండదు కదా, వచ్చినదాంట్లోంచి తిరిగిస్తే నష్టమేమిటని అడుగుతారు. ఖజానా వరకు ఆ లెక్క సరే. కానీ చెత్త ఎత్తేది, వీధిదీపం వేసేది పంచాయతీ. కిడ్నీ జబ్బుతో కుంగి, హిరమండలం నుంచి పైపుల్లో తాగునీరు తెచ్చుకుంటున్న ప్రాంతమిది. జీఎస్‌టీలో పంచాయతీకి సొంత వాటా లేదు. 101వ రాజ్యాంగ సవరణ దానికోసం ఒక తలుపు తెరిచి ఉంచింది. రాష్ట్ర జాబితా 62వ అంశం కింద పంచాయతీలు, మునిసిపాలిటీలు విధించి వసూలు చేసుకునే మేరకు వినోద పన్ను మిగిలే ఉంది. గది అద్దె దాని కిందికి రాదు గానీ, టికెట్టు పెట్టి నడిపే వినోదాల మీద వేయడానికి రాజ్యాంగం అడ్డు కాదు. రాష్ట్రం తన చట్టంలో ఆ వీలును స్పష్టంగా రాయాలి.

నా దృష్టిలో వాపసు ఆపనక్కర్లేదు, షరతు పెట్టాలి. పంచాయతీకి ఆ ఏటి ఇంటి పన్ను, వినోద పన్ను కట్టిన రసీదులు జతచేస్తేనే రిసార్టు దరఖాస్తు తీసుకోవాలి. హోంస్టే పెట్టుకునే మత్స్యకార కుటుంబానికి గది బాగుచేతకూ, మరుగుదొడ్డికీ పెట్టుబడి రాయితీని ముందుగానే, నేరుగా ఇవ్వాలి.