పికప్పుకి పెద్ద టైర్లు: మన కొండలకి అవసరమా?



ఈసారి విషయం జీవామృతం కాదు, కషాయం కాదు. బండి టైర్లు. మా రైతు బృందం పికప్పుకి నాలుగు టైర్లూ అరిగిపోయాయి, మార్చాలి. కుర్రాళ్లంతా "అన్నా, ఈసారి ఒక సైజు పెద్దవి వేసేద్దాం, రాళ్లబాటలో అడుగు తగలదు, గెడ్డ దాటేస్తుంది" అంటున్నారు. నేను వద్దంటున్నాను. డబ్బు అందరిదీ కాబట్టి నా కారణం కూడా అందరి ముందు పెట్టాలి. వీడియోలో లెక్క గబగబా చెప్పేశాను, ఇక్కడ నిదానంగా చూద్దాం.

ముందు టైరు మీద అంకెలు చదవడం నేర్చుకుందాం. 215/75 ఆర్15 అంటే వెడల్పు 215 మి.మీ., పక్క ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు. లెక్కేస్తే టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మి.మీ. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే సుమారు 733 మి.మీ. అంటే 30 మి.మీ. పెరిగింది. కానీ బండి లేచేది అందులో సగమే, 15 మి.మీ. మీ బొటనవేలి వెడల్పు కూడా ఉండదు. మన కొండ బాటల్లో రాళ్లు బొటనవేలంత ఉంటాయా?

ఇప్పుడు ఆ 15 మి.మీ.కి మనం ఏం కడుతున్నామో చూద్దాం.

ఇంజను తిప్పే బలం గేర్ల మీదుగా చక్రానికి వస్తుంది. చక్రం పెద్దదైతే అదే బలం నేల దగ్గర తక్కువ పడుతుంది. బావి గిలక పెద్దది చేసి అదే చేత్తో తిప్పినట్టు. పైన చెప్పిన మార్పుకి నేల మీద లాగే శక్తి సుమారు 4 శాతం పోతుంది. నాలుగే కదా అనుకోకండి. సరుకుతో కలిపి 3 టన్నులున్న బండికి ఇది దాదాపు 130 కిలోలు అదనంగా ఎక్కించినట్టు. అంటే 25 కిలోల టమాటా ట్రేలు ఐదు. ఆ ఐదు ట్రేలకి కిరాయి రాదు, రోజూ మోస్తూనే ఉండాలి. ఇంకా ముందుకెళ్లి 31 అంగుళాల టైర్లు వేస్తే ఎత్తు దాదాపు 12 శాతం పెరుగుతుంది. అప్పుడు 350 కిలోలు పైమాటే.

చదును రోడ్డు మీద ఇది అంతగా తెలీదు. విజయనగరం హైవే మీద ఒకే వేగంతో పోతుంటే ఇంజను కాస్త తక్కువ తిరుగుతుంది, హాయిగానే ఉంటుంది. అందుకే మైదానం వాళ్లు "మాకేం తేడా రాలేదే" అంటారు, వాళ్లది అబద్ధం కాదు. కానీ శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కితే కథ వేరు. అక్కణ్నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకుకి చేరాలంటే అనంతగిరి మీదుగా వంపు మీద వంపు. ప్రతి వంపు దగ్గరా వేగం తగ్గించి మళ్లీ ఎత్తుకోవాలి. బరువైన చక్రాన్ని ప్రతిసారీ మళ్లీ తిప్పాలి. రెండో గేరులో లాగిన చోట మొదటి గేరు కావాలి. డ్రైవరు హాఫ్ క్లచ్ మీద నెట్టుకొస్తాడు, క్లచ్ ప్లేటు కాలుతుంది, డీజిలు తాగుతుంది.

మైలేజీ దగ్గర ఒక మాయ కూడా ఉంది, గమనించండి. టైరు పెద్దదైతే మీటరు తప్పు చూపిస్తుంది. మీటరు 100 కి.మీ. అన్నప్పుడు బండి నిజంగా 104 తిరిగుంటుంది. ఉదాహరణకి ఇంతకుముందు లీటరుకి 12 వచ్చిన బండికి, ఇప్పుడు మీటరు చూసి లెక్కేస్తే 11 వచ్చిందనుకోండి. అసలు వచ్చింది దాదాపు 11.5. అంటే నష్టం ఉంది, కానీ మీటరు చెప్పినంత లేదు. నేను పెద్ద టైర్లకి వ్యతిరేకిని కాబట్టి ఈ విషయం దాచిపెట్టను. లెక్క లెక్కే. సరిగ్గా తెలియాలంటే ట్యాంకు నిండా కొట్టించి, అదే దారిలో, అదే లోడుతో తిప్పి, మళ్లీ నిండా కొట్టించి చూడండి. వేగం దగ్గర కూడా ఇదే తేడా. మీటరు 60 అంటే నిజానికి 62 దాటి పోతున్నారు.

ఇక నా అసలు భయం మైలేజీ గురించి కాదు. మన లోడు ఎటు పోతుందో ఆలోచించండి. మైదానం రైతు సరుకు చదునులో పోతుంది. మనది కొండ దిగుతూ పోతుంది. రాజ్మా, అల్లం, పసుపు, మిరియాలు, కాఫీ, కూరగాయలు, అన్నీ విశాఖ వైపు కిందికే. పైకి వచ్చేటప్పుడు బండి సగం ఖాళీ. అంటే మనకి లాగే శక్తికన్నా ఆపే శక్తి ముఖ్యం. బ్రేకు పట్టు పాతదే, చక్రం పెద్దది, కాబట్టి ఆపే బలమూ అదే 4 శాతం తగ్గుతుంది. గేరులో ఉంచి దిగితే ఇంజను ఇచ్చే నిలుపుదల కూడా తగ్గుతుంది. దాంతో బ్రేకు ఎక్కువ తొక్కాలి, డ్రమ్ములు వేడెక్కుతాయి, పట్టు ఇంకా సడలుతుంది. ఆ బండిలో సరుకు మీద మన మనుషులు కూడా కూర్చుని వస్తారు, కూర్చోకూడదని తెలిసినా. అంబులెన్సు ఎక్కలేని గూడెం నుంచి డోలీలో దించిన మనిషిని రోడ్డు నుంచి ఆసుపత్రికి తీసుకెళ్లేది కూడా చాలాసార్లు ఇలాంటి పికప్పే. దాని బ్రేకుతో నేను బేరమాడను.

చట్టం సంగతి కూడా చూడాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. మీ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన సైజుల్లో లేని టైరు వేసుకుంటే, ఏదైనా జరిగిన రోజున బీమా దగ్గర పేచీ మొదలవుతుంది. బండి మీద వాయిదాలు కడుతున్న బృందాలు ఇది మరీ ఆలోచించాలి.

మరి రాళ్లబాట సంగతేంటి? నేను చెప్పేది నాలుగు పనులు.

ఒకటి, సైజు అదే ఉంచి నమూనా మార్చండి. వెనక చక్రాలకి లోతైన గట్ల టైర్లు వేస్తే బురదలో పట్టు దొరుకుతుంది. లోడు మోసే సామర్థ్యం అంకె, ప్లై పాతదానికన్నా తగ్గకూడదు.

రెండు, గాలి. తలుపు దగ్గర స్టిక్కరు మీద ఎంత రాసుందో అంతే. లోడుతో ఉన్నప్పుడు మెత్తగా ఉండాలని గాలి తీసెయ్యకండి, టైరు పక్కలు వేడెక్కి పగులుతాయి. వారానికోసారి చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి.

మూడు, కమాన్లు. చాలా బండ్ల అడుగు తగిలేది టైరు చిన్నదై కాదు, కమాన్లు చతికిలబడి. అవి బాగుచేయిస్తే బండి తన అసలు ఎత్తుకి తనే లేస్తుంది. దిగిపోయిన కమాన్ల మీద పెద్ద టైరు వేస్తే నిండు లోడులో మడ్‌గార్డుకి రాసుకుంటుంది.

నాలుగోది మన పద్ధతిలోనే ఉంది: బరువు పుట్టిన చోటే తగ్గించండి. ఎకరానికి 200 లీటర్ల ద్రవ జీవామృతం అంటే 200 కిలోలు. కొందరు ఒక చోట కలిపి డ్రమ్ములు బండిలో కొండెక్కిస్తున్నారు. ఎందుకు? పేడ, మూత్రం, నీళ్లు, పిడికెడు మట్టి అన్నీ గూడెంలోనే ఉన్నాయి. బయటనుంచి వెళ్లాల్సింది 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి. 200 కిలోల బదులు 4 కిలోలు! దిగే సరుకూ అంతే. కాఫీ పండు సుమారు 5 కిలోలు గూడెంలోనే తోలు తీసి, కడిగి, ఆరబెడితే కిలో దాకా పార్చ్‌మెంటు వస్తుంది. పచ్చి పసుపు ఉడికించి ఎండబెడితే దాదాపు ఐదో వంతు అవుతుంది. నీళ్లని ఘాట్ మీదుగా విశాఖకి మోసి ఎవరికి లాభం? కల్లం, టార్పాలిన్, చిన్న పల్పరు మీద పెట్టే ఖర్చు, పెద్ద టైర్ల మీద పెట్టే ఖర్చుకన్నా ఎక్కువ కాలం అన్నం పెడుతుంది.

బాట బాగోలేకపోతే బాట బాగుచేయించుకోవాలి. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం నుంచి అడవితల్లి బాట పేరుతో గిరిజన గూడేలకి రోడ్ల పనులు మొదలయ్యాయి. మన గూడెం ఆ జాబితాలో ఉందా, గెడ్డ మీద కల్వర్టు వేస్తున్నారా అని గ్రామసభలో అడగడం మన హక్కు. 15 మి.మీ. రబ్బరుకన్నా ఒక కల్వర్టు మేలు.

పొలంలో యూరియా బస్తా మానేసినప్పుడు మనం ఏం నేర్చుకున్నాం? పైనుంచి ఇంకొంచెం వెయ్యడం కాదు, ఎక్కడ లోపం ఉందో చూసి అక్కడ సరిచెయ్యడం. బండికి కూడా అదే సూత్రం. వచ్చే బృందం మీటింగులో నా ఓటు పాత సైజు టైర్లకే, మిగిలిన డబ్బు కమాన్లకి, కల్లానికి. కుర్రాళ్లూ, మీ లెక్క మీరు తీసుకురండి, కూర్చుని తేల్చుకుందాం.