హజ్ శిక్షణలో డబ్బు పాఠమూ ఉండాలి

భారత హజ్ కమిటీ ద్వారా వెళ్లే యాత్రికులకు ఒకప్పుడు తాము కట్టిన సొమ్ములోంచే 2,100 రియాళ్లు చేతికి అందేవి. 2023లో ఆ నిర్బంధం తొలగింది. ఎవరి రియాళ్లు వారే సమకూర్చుకోవాలి. స్టేట్ బ్యాంకు ద్వారా ఫారెక్స్ కార్డు సౌకర్యమూ కల్పించారు. స్వేచ్ఛ మంచిదే. కాని ఏనాడూ ఏటీఎం ముట్టని వృద్ధులకు అది భారమే.

బోడుప్పల్‌లో యాత్రకు సిద్ధమయ్యే పెద్దలకు మేము చెప్పేది ఇదే. డబ్బంతా ఒకే సంచిలో ఉంచకండి. కొంత నగదుగా, కొంత కార్డులో ఉంచి, భార్యాభర్తలు విడివిడిగా దాచుకోండి. మామూలు బ్యాంకు కార్డుకు విదేశీ వాడకం సదుపాయాన్ని ఇక్కడే తెరిపించుకోండి. ఓటీపీ వచ్చే సిమ్ అక్కడ పనిచేసేలా చూసుకోండి. మక్కా దుకాణంలో యంత్రం రూపాయలా, రియాళ్లా అని అడిగితే రియాళ్లనే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే మారకపు రేటు సాధారణంగా ఎక్కువ పడుతుంది.

తవాఫ్, సయీ విధులు నేర్పే శిబిరాల్లోనే ఈ పాఠానికీ ఒక గంట కేటాయించాలని రాష్ట్ర హజ్ కమిటీని కోరుతున్నాము. అంతవరకు మన మస్జిద్ కమిటీలు, చదువుకున్న యువకులు ఈ బాధ్యత తీసుకోవాలి. ఏళ్ల తరబడి కూడబెట్టిన హలాల్ సొమ్ము అది. దాన్ని కాపాడడమూ అమానతే.