ఎర్రదీపం వేరు, పసుపుదీపం వేరు

అమెరికాలోని హ్యూస్టన్ నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. భర్తగారు ముచ్చటపడి 1999 నాటి షెవ్రోలె కార్వెట్ కొన్నారట. ఇద్దరికి మాత్రమే చోటున్న స్పోర్ట్సు కారు. కొన్నాళ్లుగా దారిలో ఉండగా ఎ.బి.ఎస్. దీపం, ట్రాక్షన్ దీపం ఒక్కసారే వెలుగుతున్నాయి. మెకానిక్కు చూసి, "ఎలక్ట్రానిక్ పెట్టె పోయింది, మార్చాలి" అని గుండె గుభేలుమనే లెక్క చెప్పాడు. భర్తగారు ఆ లెక్క విని, దీపాల మీద నల్ల టేపు అంటించారు! "సెలవులకి వచ్చే అబ్బాయి కారు అడుగుతాడు. తాళాలు ఇవ్వమంటారా?" అని ఆవిడ ప్రశ్న.

ఇవ్వకండి, సోదరీ. ఎందుకో చెబుతాను.

ప్రతి చక్రం దగ్గరా ఒక చిన్న సెన్సారు ఉంటుంది. చక్రం ఎంత జోరుగా తిరుగుతున్నదో అది పెట్టెకి కబురు చేస్తుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి కారు జారకుండా చూసేది ఎ.బి.ఎస్. 1978లో బాష్ కంపెనీ దీన్ని మెర్సిడెస్ కార్లలో ప్రవేశపెట్టింది. ఇంజను బలానికి వెనక చక్రాలు ఊరికే గిర్రున తిరిగిపోకుండా ఆపేది ట్రాక్షన్. రెండింటికీ ఆ కబుర్లే ఆధారం. ఒక్క చక్రం నుంచి కబురు ఆగితే ఇద్దరూ పని మానేస్తారు. వంటవాడు ఒక్కడు రాకపోతే రెండు పంక్తులూ లేచిపోయినట్టు! కనుక రెండు దీపాలు వెలిగాయంటే రెండు జబ్బులని భయపడనక్కరలేదు.

ఇవి రెండూ పసుపు దీపాలు. మామూలు బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది, నిద్రపోయినవాడు సహాయకుడే. పెద్దవారు పొడిరోడ్డు మీద నెమ్మదిగా గరాజు దాకా తీసుకువెళ్లవచ్చు. కాని ఆ ఇంజను బలం 345 గుర్రాలు. అంతా వెనక చక్రాల మీదికే వస్తుంది. వాన పడిన రోడ్డు, కుర్రతనం, సహాయకుడు లేడు. ఈ మూడూ కలవకూడదు.

ఎర్ర 'బ్రేక్' దీపం సంగతి వేరు. అది వెలిగితే ముందు చేతిబ్రేకు పూర్తిగా దించారో లేదో చూడండి. దించినా ఆరకపోతే కారు ఆపి, బ్రేకు ద్రవం డబ్బా చూడండి. ద్రవం తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. కారణం వెతకకుండా ద్రవం నింపి ఊరుకోవడం, జబ్బు దాచి జ్వరం తగ్గిందనుకోవడమే. పెడలు మెత్తగా దిగిపోతున్నా, ఎర్రదీపమూ ఎ.బి.ఎస్. దీపమూ కలిసి వెలిగినా ఆ కారు నడపకండి, లాగించుకుని వెళ్లండి.

ఇక ఖర్చు మాట. పెట్టె మార్చేముందు కారునే అడగండి. 1997 నుంచి 2004 దాకా వచ్చిన కార్వెట్లలో డ్యాష్‌బోర్డే తన జబ్బు తాను చెబుతుంది. తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయకుండా, 'ఆప్షన్స్' మీట నొక్కిపట్టి 'ఫ్యూయల్' మీట నాలుగుసార్లు నొక్కాలి. అంకెలు వరుసగా కనిపిస్తాయి. కాగితం మీద వ్రాసుకోండి. వ్రాసుకోకుండా ఎవరినీ చెరపనివ్వకండి. చివర 'సి' అక్షరం ఉంటే ఇప్పటి జబ్బు, 'హెచ్' ఉంటే పాత జబ్బు.

సి 1221 నుంచి సి 1224 దాకా ఏదైనా కనిపిస్తే, నాలుగు చక్రాలలో ఒకదాని నుంచి కబురు రావడం లేదన్నమాట. ఆ చక్రం దగ్గర తీగ తెగిందేమో, ప్లగ్గులో నీరు చేరి చిలుం పట్టిందేమో చూడమనండి. రెండోవైపు సెన్సారుతో పోల్చి మీటరుతో కొలవమనండి. సి 1214 కనిపిస్తే పెట్టెలోని రిలే మీదికి అనుమానం పోతుంది. అప్పుడు కూడా ఫ్యూజులు, కారు ఒంటికి బిగించిన ఎర్తు తీగలు ముందు చూడాలి. ముసలి బ్యాటరీ కూడా ఈ కార్లలో లేనిపోని దీపాలు వెలిగిస్తుంది. విశ్రాంతిలో ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉంటే దానిమీద నింద లేదు. ఇవన్నీ సరిగా ఉండి, అప్పటికీ సి 1214 పోకపోతే పెట్టెదే తప్పు. అప్పుడైనా దాన్ని విప్పి, లోపలి టంకం బాగుచేసేవారున్నారేమో విచారించాకే కొత్తదాని మాట.

మన దేశంలో ఇంత పందెపు కారు ఎవరికుంది అనకండి. 2019 ఏప్రిల్ నుంచి ఇక్కడ అమ్మే కొత్త కార్లన్నిటికీ ఎ.బి.ఎస్. ఉండి తీరాలి. కనుక ఆ దీపం మీ ఇంటి కారులోనూ ఉండవచ్చు. రేపు తాళం తిప్పగానే గమనించండి. ఎ.బి.ఎస్. దీపం ఒకసారి వెలిగి, తరువాత ఆరాలి. ఆరకపోతే జబ్బు ఉన్నట్టు. అసలు వెలగనే లేదా, ఇంకా అనుమానించండి: బల్బు పోయి ఉండవచ్చు, లేదా మీకు కారు అమ్మినవాడు మన టేపు పెద్దమనిషికి అన్నగారై ఉండవచ్చు!