‘చిప్పకూడు’ వార్తల్లో కనిపించని జైలు

ఓ ప్రముఖుడు అరెస్టయితే చాలు. ఏ బ్యారక్‌లో ఉంచారు, ఖైదీ నంబరెంత, రాత్రి ఏం తిన్నారు, నిద్ర పట్టిందా లేదా.. టీవీల్లో రోజంతా ఇదే చర్చ. ‘ఊచలు లెక్కిస్తున్నాడు’, ‘చిప్పకూడు తింటున్నాడు’ అంటూ శీర్షికలు. ఇవి చూశాక జైల్లో ఉన్నవారంతా నేరం రుజువైనవారే అనుకుంటాం. లెక్కలు చూస్తే అలా లేదు.

లోపల ఉన్నదెవరు?
జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) నివేదిక ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వీరిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురిపై కోర్టు ఇంకా తీర్పు చెప్పలేదు. అప్పటికి జైళ్ల సామర్థ్యమేమో 4,36,266 మాత్రమే. వంద మంది పట్టే చోట 131 మంది ఉన్నారు.

తేడా ఎక్కడ వస్తోంది?
రిమాండ్ అంటే శిక్ష కాదు. నిందితుడంటే దోషి కాదు. అయినా వార్తల్లో ఈ గీత తరచూ చెరిగిపోతోంది. అరెస్టు వార్త మొదటి పేజీలో వస్తుంది. ఏళ్ల తర్వాత కేసు కొట్టేస్తే లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తే గొప్ప. ఈలోగా ఉద్యోగం పోతుంది, అద్దె ఇల్లు దొరకదు, పిల్లలు బడిలో మాటలు పడతారు. మీడియా ఎదుట పోలీసులు వివరాలు ఎలా వెల్లడించాలో మార్గదర్శకాలు రూపొందించాలని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించింది కూడా ఇందుకే.

వార్తల్లో రాని హక్కులేంటి?
* కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. హెల్ప్‌లైన్ 15100.
* బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 479 ప్రకారం, తొలిసారి కేసులో ఇరుక్కున్నవారు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైల్లో గడిపితే బెయిలుకు అర్హులు. మిగతావారికి సగం కాలం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు.
* గడువు పూర్తయితే కోర్టుకు దరఖాస్తు చేయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ప్రముఖుడి భోజనం గురించి తెలియకపోయినా మనకు నష్టం లేదు. ఈ మూడు విషయాలు తెలియకపోతే మాత్రం ఓ పేద కుటుంబం నెలల తరబడి ములాఖత్‌ల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఈసారి జైలు వార్త చదివేటప్పుడు ముందు ఒక్కటి చూడండి.. అతను విచారణ ఖైదీయా, శిక్ష పడిన ఖైదీయా?